అందించని మాట

మా ఇంట్లో అందరికీ నటన వచ్చు, ఒక్క మా తమ్ముడికి తప్ప. చిన్నప్పుడు వాణ్ణి ఒకే ఒక్కసారి స్టేజీ ఎక్కించారు. రాజుగారి వెనక ఈటె పట్టుకుని నిలబడే భటుడి వేషం, నోరు తెరవాల్సిన పనే లేదు. తెర లేచిందో లేదో, వాడు నేను కూర్చున్న మూల వైపు తిరిగి, "అక్కా, ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని గట్టిగా అడిగాడు. జనం పడీపడీ నవ్వారు. రాజుగారికి చెప్పాల్సిన మాట మరుపొచ్చేసింది. మర్నాడే మా తాత వాణ్ణి లైట్ల గదిలోకి మార్చేశాడు. "వీడు వెలుగులో పనికిరాడర్రా, చీకట్లో పనికొస్తాడు" అని మిణుగురు అని ముద్దుపేరు కూడా పెట్టాడు. అప్పట్నుంచీ వాడి అసలు పేరు మాకే గుర్తుండేది కాదు.

నేను ప్రాంప్టర్ని. తెర పక్కన, జనానికి కనపడని చోట ఒక ముక్కాలి పీట మీద కూర్చుంటాను. స్టేజీ మీదున్నవాళ్ళు మాట మరిచిపోతే అందిస్తాను. గుసగుసలాడితే సరిపోతుందని అందరూ అనుకుంటారు గానీ గుసగుస చాలా దూరం పోతుంది. గొంతు అడుక్కి దించి, పెదాలు కదిలీ కదలకుండా అనాలి. అప్పుడు కావలసినవాడికి తప్ప ఇంకెవరికీ వినపడదు. మాట మరిచిపోయినవాడి కళ్ళు ముందు పైకి పోతాయి, తర్వాత నేలకి దిగుతాయి, ఆ తర్వాత నా మూలకి వస్తాయి. ఆ మూడో చూపు కోసం కాచుకుని కూర్చోవడమే నా ఉద్యోగం.

తాత అంటే మా అమ్మ నాన్న. ఆ నాటకాల కంపెనీ ఆయన పెట్టిందే. వయసు మీద పడ్డాక వేషాలు మానేసి టికెట్ల కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఆయన కొడుకు, అంటే మా మేనమామ, మా పెద్ద నటుడు. మామయ్య పిచ్చివాడి వేషం కట్టాడంటే ఊరు ఊరంతా కదిలొచ్చేది. అమ్మ దుస్తులు కుట్టేది. మా నాన్న మా చిన్నప్పుడే పోయాడు కాబట్టి మిణుగురుని పెంచింది తాతే. ముద్దలు కలిపి పెట్టిందీ, సైకిల్ నేర్పిందీ, లైటు ఎటు తిప్పితే మొహం ఏడుస్తుందో ఎటు తిప్పితే నవ్వుతుందో చూపించిందీ ఆయనే.

ఆ తాతని మా తమ్ముడు చంపేశాడు.

ఆ మధ్యాహ్నం రిహార్సలు ఆపి అందరం వెనక గదిలో టీ తాగుతున్నాం. వాడు లైటు స్టాండు తాలూకు ఇనప గొట్టం తీసుకుని టికెట్ల గదిలోకి వెళ్ళిన సంగతి ఎవరూ చూడలేదు. అరుపు కూడా ఏమీ వినపడలేదు. మాకు వినపడిందల్లా స్టేజీ మీద చెక్కలు విరుగుతున్న చప్పుడు. "ఇవాళ వడ్రంగి వస్తానన్నాడా?" అన్నాడు మామయ్య, టీ ఊదుకుంటూ. నేను లేచి వెళ్ళి చూశాను.

వాడు స్టేజీ మధ్యలో మోకాళ్ళ మీద ఉన్నాడు. గడ్డపారతో చెక్కలు పెకిలించి, మనిషి పట్టేంత కంత చేశాడు. అందులోకి టార్చిలైటు వేసి పిలుస్తున్నాడు.

"తాతా, వచ్చెయ్. వాడింక లేడు. దార్లో ఎవరూ లేరు, వచ్చెయ్ తాతా."

నన్ను చూసి నవ్వాడు. మొహం నిండా చెమట, పరీక్ష పాసైన పిల్లాడి సంబరం.

"అక్కా, ఓ చెయ్యి వెయ్యవా? పాపం ముసలాయన, ఎన్నాళ్ళుగానో కిందే పడున్నాడు."

ఎందుకో తెలీదు, నేను స్టేజీ దిగి నేరుగా టికెట్ల గదికి పరిగెత్తాను. తలుపు తీశాక చూసింది నేను ఇక్కడ చెప్పను. ఆ రోజు నుంచి కళ్ళు మూసుకుంటే అదే కనపడుతోంది, అది చాలు.

ఇప్పుడు అందరూ అడుగుతారు, ముందే తెలియలేదా అని. తెలిసింది. కొన్ని నెలలుగా వాడు అంటూనే ఉన్నాడు. "తాత మొహానికి లైటు అంటట్లేదక్కా. ఎంత వేసినా జారిపోతోంది. అక్కడ కూర్చున్నది తాత కాదు. తాతని కింద దాచేసి వీణ్ణి తెచ్చి పెట్టారు." ఇంకో ఇంట్లో అయితే మొదటి వారమే డాక్టరు దగ్గరికి లాక్కుపోయేవాళ్ళు. మాది నాటకాల కొంప. మామయ్య అద్దంలో తనని తనే తిట్టుకుంటాడు, అమ్మ కత్తెరతో కష్టసుఖాలు చెప్పుకుంటుంది. మా ఇంట్లో ఎవరైనా ఓ పూట సరిగ్గా మాట్లాడితే నుదుటి మీద చెయ్యేసి జ్వరమేమో చూసేవాళ్ళం. వాడి మాట విని తాత కూడా బోసినోటితో పకపకా నవ్వి, "అవున్రా మిణుగురూ, అసలు తాతకి పళ్ళుండేవి" అన్నాడు. అందరం నవ్వాం. తిలా పాపం తలా పిడికెడు.

మాకు దొరికిన లాయరు ఒక పెద్దావిడ. దగ్గుతూ మాట్లాడేది, మాట్లాడుతూ దగ్గేది. మొదటి రోజే అమ్మనీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పింది.

"పిచ్చివాడైతే చాలదమ్మా. పిచ్చివాళ్ళకేం కొదవ, మా ఇంట్లోనే ఒకాయనున్నాడు. ఆ దెబ్బ వేసినప్పుడు తనేం చేస్తున్నాడో, అది తప్పో కాదో వాడికి తెలుసా తెలీదా? కోర్టు అడిగేది అదొక్కటే. తెలీదని మనమే చూపించాలి. చూపించగలిగితే ఆస్పత్రికి పంపుతారు. లేకపోతే బతికున్నన్నాళ్ళూ జైలే."

"స్టేజీ మీద ఆ కంత ఉంది కదండీ?" అన్నాను.

"ఆ కంత వాళ్ళకీ ఉంది. శవాన్ని దాచడానికి తవ్వాడంటారు. దాచాలనుకున్నాడంటే తప్పని తెలిసినట్టేగా! కంత ఒకటే, కథలు రెండు. అక్కడ వాడు ఏమన్నాడో విన్నది నువ్వొక్కదానివే. కాబట్టి నువ్వు కడిగిన ముత్యంలా ఉండాలి. నాకు చెప్పకుండా చిటికెన వేలు కూడా కదపకు."

కదపనని ఒట్టేశాను. మా ఇంట్లో ఒట్లకి ఎంత విలువో ఆవిడకి తెలీదు.

జైల్లో డాక్టరు వాడికి మందులు మొదలుపెట్టాడు. మొదట్లో చూడ్డానికి వెళ్తే గోడ వైపు తిరిగి కూర్చునేవాడు, మమ్మల్ని ఆనవాలు పట్టేవాడు కాదు. వారాలు గడిచే కొద్దీ మనిషి తేటపడుతూ వచ్చాడు. ఒకరోజు ములాఖత్ గదిలో ఇనప జాలీ అవతల నుంచి, "అమ్మా, మోకాలి వాపు తగ్గిందా?" అని అడిగాడు. జుట్టు దువ్వుకున్నాడు, చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకున్నాడు. ఎన్నాళ్ళ తర్వాత వాడి నోట మామూలు మాట! అమ్మ జాలీకి నుదురు ఆనించి సంతోషంతో ఏడ్చింది. తాత మాట వాడూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

బయటికి రాగానే అదే అమ్మ జైలు గోడకి చేరగిలబడి భయంతో ఏడ్చింది. "వాడు బాగున్నాడే. శుభ్రంగా బాగున్నాడు. ఇంత బాగుంటే పిచ్చంటే ఎవరు నమ్ముతారే?"

మామయ్య గేటు బయట నిలబడి ఉన్నాడు. ప్రతిసారీ గేటు దాకా వచ్చేవాడు గానీ లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. వాడి మొహం చూస్తే నాన్న గుర్తొస్తాడనేవాడు. అమ్మ చెప్పింది విని తల పట్టుకున్నాడు.

"పిచ్చి కుదిరింది రోకలి తలకి చుట్టండి అన్నాడట వెనకటికెవడో. మనవాడు ఆ రోకలి కూడా అడగట్లేదు. రేపు కోర్టు పంపే పెద్దాసుపత్రి డాక్టరు వచ్చి చూస్తే పెళ్ళికొడుకులా ఉన్నాడని రాసి పోతాడు."

"ఏం చేద్దాంరా?" అంది అమ్మ.

మామయ్య నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. అర్థమై ఒళ్ళు మండింది.

"వాడికి నిజంగానే జబ్బు మామయ్యా! నిజంగా ఉన్నదాన్ని మళ్ళీ నటించడమేంటి? ఆకలేసినవాడికి ఆకలి నటించడం నేర్పుతామా?"

"నిజం స్టేజీ మీద కనపడదే అమ్మాయ్. కనపడేలా చెయ్యాలి. నిజం కన్నీళ్ళు నాలుగో వరసకి ఏనాడైనా కనపడ్డాయా? నీకు నేను చెప్పాలా?" అన్నాడు. తర్వాత జైలు గేటు వైపు చూశాడు. "నాన్న ఎలాగూ రాడు. వీణ్ణి కూడా పోగొట్టుకుంటే అక్క బతుకుతుందా?"

తండ్రిని పోగొట్టుకున్నవాడు, చంపినవాడి కోసం అడుగుతున్నాడు. నేనింక ఏమనను? పైగా నిజాన్ని కనపడేలా చెయ్యాలన్నది మా నరనరానా జీర్ణించుకుపోయిన మాట. మేం పుట్టి పెరిగింది ఆ నమ్మకం మీదే. అబద్ధం చెప్పిస్తున్నామని మాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. వాడికి ఉన్నదే, కాస్త వెలుగులోకి జరుపుతున్నాం అనుకున్నాం.

మామయ్య నాకు చేసి చూపించాడు, నేను జాలీ దగ్గర వాడికి అందించాను. కాపలా మనిషి రెండు గజాల దూరంలో ఆవులిస్తూ నిలబడి ఉన్నాడు. నా గొంతు ఆయన దాకా పోలేదు. ఎలా పోతుంది, నా అన్నం అదే కదా.

"తల ఎడమ పక్కకి వాల్చు. నవ్వు ముందు సన్నగా మొదలుపెట్టి ఒక్కసారిగా తెంచెయ్. జేబులోంచి లేని ఉత్తరం తీసి చదువు. డాక్టరు నీ పేరేంటని అడిగితే ఆయన పేరే ఆయనకి చెప్పు."

"నాకు నటన రాదక్కా."

"రావక్కర్లేదు. నేను చెప్పింది చెయ్యి."

"నువ్వుంటావా అక్కడ?"

"నన్ను రానివ్వరురా."

"మరి మరిచిపోతే?"

కాపలా మనిషి టైమైపోయిందన్నాడు. వాడు వెళ్తూ వెళ్తూ తల ఎడమ పక్కకి వాల్చి చూపించాడు, సరిగ్గా ఉందా అన్నట్టు. నేను బాగుందన్నట్టు తల ఊపాను.

పెద్దాసుపత్రి డాక్టరు రిపోర్టు వచ్చిన రోజు లాయరమ్మ నన్ను పిలిపించింది. గదిలోకి వెళ్ళగానే తలుపు వేసి, దగ్గు కూడా మరిచిపోయి అరిచింది.

"ఎవరి నాటకమే అది? మీ మామయ్య రెండో అంకమట! ఆ నవ్వు, ఆ తల వాల్చడం, ఆ ఉత్తరం, పొల్లుపోకుండా దించేశాడట. ఆ డాక్టరు పెళ్ళాంతో కలిసి మీ నాటకం రెండుసార్లు చూశాడు. మూడో వరసలో కూర్చుని చప్పట్లు కూడా కొట్టాడట! మధ్యలో మీవాడు ఆగిపోయి, 'తర్వాతేంటో మరిచిపోయానండీ' అని ఆయన్నే అడిగాడట. ఇంకేం కావాలి? జబ్బు లేదు, నటిస్తున్నాడు అని రాసేశాడు."

"వాడు బాగా కనపడుతున్నాడని భయపడి..."

"బాగుండడమే మన సాక్ష్యం, తల్లీ! డాక్టరు చూడాల్సింది ఇవాళ్టి పిచ్చి కాదు, ఆ రోజుది. మందులు వేస్తే తగ్గిందంటే జబ్బు ఉన్నట్టే కదా. వాణ్ణి మామూలుగా కూర్చోనిచ్చి, ఆ రోజు తాత ఎవరనుకున్నావ్ అని అడగనిస్తే పోయేది. బంగారం లాంటి సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే పీక పిసికి చంపారు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. మాకు పట్టుకోవడానికి ఆకులు కూడా మిగల్లేదు. ఆవిడ కాసేపు దగ్గి, నీళ్ళు తాగి, నా ఎదురుగా కూర్చుంది. గొంతు తగ్గించింది.

"ఇప్పుడు విను. బోనులో నిలబెట్టి, వాడికి ఇది ఎవరు నేర్పారని అడుగుతాడు ప్రాసిక్యూటరు. నువ్వే అన్నావనుకో, కంత దగ్గర నువ్వు విన్న మాటలు కూడా నువ్వు అల్లినవే అంటాడు. నాకు తెలీదన్నావనుకో, వాడు తనంతట తానే ఎత్తు వేశాడంటాడు. ఇంత ఎత్తు వేసినవాడికి పిచ్చేంటంటాడు. ఏం చెప్పాలో నేను నీకు చెప్పకూడదు. చెప్పను కూడా."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇంటికొచ్చి చెబితే మామయ్య తనే నేర్పానని ఒప్పుకుంటానన్నాడు. జైలు గేటు దాటి లోపలికే వెళ్ళని మనిషి ఎలా నేర్పాడంటే ఏం చెబుతాడు? అమ్మ మిషను ముందు కూర్చుని ఏదో కుడుతూనే ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే సూదిలో దారం లేదు.

కోర్టు గది మా స్టేజీ కంటే చిన్నది. పైన ఒక కిటికీ, కింద బల్లలు, కాయితాల వాసన. ముందు డాక్టరు వచ్చి తను చూసింది చూసినట్టు చెప్పి వెళ్ళాడు. ఆయన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు, మర్యాదస్తుడు. తర్వాత నన్ను పిలిచారు. లాయరమ్మ అడిగితే కంత గురించి, టార్చిలైటు గురించి, వాడు పిలిచిన పిలుపు గురించి ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పుడు ప్రాసిక్యూటరు లేచాడు. సన్నటి మనిషి, కానీ గొంతు ఎక్కడ దించాలో ఎక్కడ పెంచాలో తెలిసినవాడు. మా కంపెనీలో అయితే కళ్ళు మూసుకుని విలన్ వేషం ఇచ్చేవాళ్ళం.

"మీరు ఏం పని చేస్తారు?"

"ప్రాంప్టర్నండి."

"అంటే?"

"మాట మరిచిపోయినవాళ్ళకి అందిస్తాను."

"అంటే ఎదుటివాళ్ళ నోట ఏం రావాలో మీరు చెబుతారు. బావుంది. డాక్టరుగారి ముందు మీ తమ్ముడు వేసిన నాటకం, అది ఎవరు అందించారు?"

ఎదుటి బోనులో ఉన్న తమ్ముణ్ణి చూశాను. వాడు నా పెదాల వైపే చూస్తున్నాడు. తెలీదు అన్న మాట నాలిక చివర ఉంది. కానీ తెలీదంటే ఆ నాటకం మొత్తం వాడి మెడకే చుట్టుకుంటుంది. నటన రాని వాడి మెడకి! నా వల్ల కాలేదు.

"నేనే," అన్నాను. "వాడికేం తెలీదు. నేనే నేర్పాను."

వెనక ఎక్కడో అమ్మ గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. ప్రాసిక్యూటరు తొందరపడలేదు.

"అయితే 'తాతా, వచ్చెయ్' అన్నదో? అదీ మీరు రాసిందేనా?"

"కాదు! అది వాడన్నదే. నేను విన్నాను."

"మీరు ఒక్కరే విన్నారు. నేర్పిందీ మీరే, విన్నదీ మీరే." ఆయన కూర్చున్నాడు.

అయిపోయింది అనుకున్నాను. బోను కర్ర పట్టుకుని నిలబడ్డాను. జడ్జిగారు కలం కింద పెట్టారు. తలెత్తి, నన్ను దిగిపొమ్మనకుండా, నేరుగా తమ్ముణ్ణి అడిగారు.

"బాబూ, ఆ రోజు నువ్వు కొట్టినప్పుడు, ఎవర్ని కొడుతున్నావో నీకు తెలుసా?"

వాడి కళ్ళు పైకి పోయాయి. తర్వాత నేలకి దిగాయి. ఆ తర్వాత ఎటు వస్తాయో నాకు తెలుసు. వచ్చాయి. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ చూశారు.

"చూడండి, ఎవరి వైపు చూస్తున్నాడో!" అన్నాడు ప్రాసిక్యూటరు.

మాట నా నోట్లో తయారుగా ఉంది. తాత కాదనుకున్నాను, అంతే. పెదాలు కూడా కదపక్కర్లేదు, వాడి దాకా చేర్చగలను. చేరిస్తే ఆ ఒక్క నిజం కూడా నాటకమైపోతుంది. నేను వెనక్కి తిరిగి గోడకి మొహం పెట్టాను. పీట మీద కూర్చున్నన్నాళ్ళలో స్టేజీకి వీపు తిప్పడం అదే మొదటిసారి. మాట కోసం చూస్తున్నవాణ్ణి గాలికి వదిలేయడమే అది, మా పనిలో అంతకన్నా పాపం లేదు. గోడకి సున్నం పెచ్చులూడి ఉంది. చేతి రుమాలు నోట్లో కుక్కుకున్నాను.

"అక్కా," అన్నాడు వాడు.

నేను తిరగలేదు.

"అక్కా, ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అంత నిశ్శబ్దం స్టేజీ మీద వస్తే మేం తెర దించేస్తాం. తిరగాలని మెడ నరాలు లాగుతున్నాయి. తిరిగితే వాడు చచ్చినట్టే. తిరగకపోతే ఒంటరిగా చస్తాడు. ఆ గోడకి తల బాదుకుందామా అనిపించింది.

అప్పుడు వాడి గొంతు మెల్లగా వినిపించింది, ఒక్కో మాట వెతుక్కుంటున్నట్టు.

"అప్పుడు... తాత కాదు."

తర్వాత వాడి ఊపిరి బరువుగా వినిపించింది.

"ఇప్పుడు తాతే."

నేను తిరిగి చూసేసరికి వాడు బోనులో కింద కూర్చుండిపోయి, రెండు చేతులతో నేలని తడుముతున్నాడు. ఏడుస్తున్నాడు. జైలుకెళ్ళాక వాడు ఏడవడం అదే మొదలు. ప్రాసిక్యూటరు, "డైలాగు మాత్రం..." అని ఏదో అనబోయాడు. జడ్జిగారు నా నోట్లో ఉన్న రుమాలు వైపు ఒకసారి చూసి, "మీరు కూర్చోండి" అన్నారు ఆయనతో.

తర్వాత ఇంకో డాక్టరు చేత చూపించారు. జైలు డాక్టర్ని పిలిచి అడిగితే, వచ్చిన కొత్తలో వాడు రోజంతా నేలకి చెవి ఆనించి తాతా తాతా అని పిలిచేవాడని చెప్పాడు. తీర్పులో జడ్జిగారు నన్ను చెడామడా తిట్టారు. సాక్ష్యాన్ని పాడు చేసే మూర్ఖత్వం అన్నారు, ఇంకేదో అన్నారు. నాకు అవి అక్షింతల్లా పడ్డాయి. చివరి మాట ఒక్కటే చెవిలో మోగింది. జైలు కాదు, ఆస్పత్రి. ఎన్నాళ్ళో మాత్రం చెప్పలేదు. డాక్టర్లు బాగయిందనేదాకా. మందులు మానకుండా ఉంటే ఏదో ఒకరోజు బయటికి రావచ్చునంది లాయరమ్మ. మామయ్య కోర్టు మెట్ల మీదే కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. మేం గెలిచాం అనుకున్నాం.

ఆస్పత్రి నుంచి నర్సు కబురు పంపితే నిన్న ఉదయం వెళ్ళాను. నడివయసు మనిషి, మాట కటువు, చెయ్యి మెత్తన.

"మీవాడు అన్నం తింటాడు, స్నానం చేస్తాడు, చెప్పిన మాట వింటాడు. మాత్ర మాత్రం నాలిక కింద దాచి, నేనటు తిరగ్గానే ఉమ్మేస్తాడు. మొన్నట్నుంచీ మంచం కింద గచ్చు గోళ్ళతో గీకుతున్నాడు. వేళ్ళు చూడండి, నెత్తురు. మీరైనా చెప్పండమ్మా."

వాడు మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. వేళ్ళకి కట్లు. నన్ను చూసి నవ్వాడు. స్టేజీ మీద ఆ కంత దగ్గర నవ్విన నవ్వే అది.

"అక్కా, తాత మాట్లాడుతున్నాడు. అన్నం తిన్నావా అని అడిగాడు."

"మాత్ర ఎందుకు వేసుకోవట్లేదురా?"

వాడు నర్సుకి వినపడకుండా నా దగ్గరికి జరిగాడు. గొంతు అడుక్కి దించి, పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో.

"వేసుకుంటే తాత చచ్చిపోతాడక్కా. నేనే చంపినట్టు తెలిసిపోతుంది. వేసుకోకపోతే ఏం కాదు, కిందే ఉంటాడు, పిలుస్తాడు. రోజూ చంపమంటారేంటక్కా వీళ్ళు?"

ఇన్నాళ్ళూ నేను కోర్టు గురించి ఏడ్చాను, జైలు గురించి ఏడ్చాను. ఈ మాట నేను ఊహించలేదు. నాకు కూడా తాత కావాలి. ఆ బోసినవ్వు కావాలి. ఒక్క క్షణం, వీణ్ణి ఇలాగే వదిలేస్తే ఏం, కనీసం వీడొక్కడి దగ్గరైనా ఆయన బతికుంటాడు కదా అనిపించింది. సిగ్గులేకుండా అనిపించింది. తర్వాత వాడి వేళ్ళ కట్ల మీద ఎర్రగా ఊరుతున్నది చూశాను.

నర్సు ఒక చేత్తో మాత్ర, ఒక చేత్తో గ్లాసు పట్టుకుని నిలబడింది. వాడి కళ్ళు పైకి పోయాయి. నేలకి దిగాయి. తర్వాత నా వైపు తిరిగాయి. ఇక్కడ తిరగడానికి నాకు గోడ లేదు.

"వేసుకో నాన్నా," అన్నాను.

చిన్నప్పట్నుంచీ వాడు నేను చెప్పింది కాదనలేదు. మాత్ర అందుకుని, నేల మీదకి వంగి, గచ్చుకి నోరు ఆనించాడు.

"తాతా, అక్క వేసుకోమంటోంది. ఏమీ అనుకోకు."

లేచి, మాత్ర మింగి, నీళ్ళన్నీ తాగాడు. నాలిక ఎత్తి నర్సుకి చూపించాడు. ఆవిడ నిట్టూర్చి గ్లాసు తీసుకుంది.

"మీరు చెబితేనే వేసుకున్నాడు," అంది నాతో. "రోజూ ఈ వేళకి రాగలరా?"

వస్తానన్నాను.